ఆఫీసరు వాన

పురపాలక శాఖల్లో ఈమధ్యే చేరిన మన పిల్లలు అప్పుడప్పుడూ నన్ను కలిసి, "మీ సర్వీసులో మీరు సాధించిన గొప్ప విజయం ఏమిటి సార్?" అని గౌరవంగా అడుగుతూ ఉంటారు. నేను ఒక పోర్టికోను కాపాడాను. దాన్ని కాపాడిన రోజున మోకాళ్ళ మీద కూర్చుని దాని స్తంభానికి వంటనూనె రాస్తున్నాను. ఈ రెండింటికీ గల సంబంధం ఒక్క మాటలో చెప్పగలిగేది కాదు కనుక ఇలా రాయవలసి వస్తోంది.

మా వంశంలో కళాశాల గడప తొక్కిన మొదటివాణ్ణి నేను. మా నాన్న ఈ మలాయ్ దేశంలో, బాగన్ దాతుక్ దగ్గర ఒక కొబ్బరితోటలో కాయలు దింపేవాడు. మేముండేది లైను ఇళ్ళలో. తలుపు తీస్తే కాలువ, కాలువ దాటితే ఇంకొకరి తలుపు. తోట మేనేజరు బంగళా మాత్రం దూరంగా, మెట్టమీద ఉండేది. దాని ముందు లావాటి స్తంభాల మీద నిలిచిన పోర్టికో. ఒకసారి మా నాన్న అక్కడ కాయల బస్తా అప్పగించి వచ్చి, "కారు తడిసిపోద్దని దానికో ఇల్లు కట్టినార్రా! మనింటికంటే ఎత్తున్నాది," అని పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయనకది వేళాకోళం. నాకు మాత్రం ఆ కారు ఇల్లు మనసులో నాటుకుపోయింది.

విద్యార్థివేతనం మీద నగర ప్రణాళిక చదివి, రెండు ప్రపంచయుద్ధాల నడిమి కాలంలో కట్టిన బంగళాల మీద ఒక పరిశోధనావ్యాసం కూడా రాశాను. ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు మా అమ్మ అడిగింది.

"ఏటి పని బాబూ?"

"పాత ఇళ్ళను పరిశీలించడం అమ్మా."

"ఇళ్ళు సూడ్డానికి అంత సదువెందుకు? రోడ్డుమీదకెల్తే కనపడవేటి?"

పదవీ విరమణ చేసేదాకా ఈ ప్రశ్నకు నాకు సంతృప్తికరమైన సమాధానం దొరకలేదు.

నేను పనిచేసిన నగరం పేరాక్‌లో తగరపు గనుల మీద లేచింది. పేరు చెప్పను, అందులోని వారెవరి పేరూ చెప్పను. తొలినాళ్ళలో ఎంత ధనవంతుడైనా తన దుకాణం పై అంతస్తులోనే కాపురం చేసేవాడు. మొదటి యుద్ధం ముగిశాక మోటారుకార్లు వచ్చాయి. కారున్న మనిషికి దుకాణం మీదే నిద్రపోవలసిన అగత్యం తీరిపోయింది. గనుల యజమానులు, వకీళ్ళు, కాస్త వెనకేసుకున్న గుమాస్తాలు నది దాటి, రబ్బరుచెట్లు కొట్టించి, విశాలమైన స్థలాల్లో బంగళాలు కట్టుకున్నారు. ఎత్తైన పైకప్పు, వేడిగాలి పోవడానికి గోడల పైభాగాన జాలీలు, వెనకెక్కడో వంటిల్లు, అన్నిటికంటే ముందు పోర్టికో. నగర శివారు అనేది పోర్టికోతోనే పుట్టిందని నా సిద్ధాంతం. ఈ సిద్ధాంతాన్ని భోజన విరామాల్లో ఓపికగా విన్నది మా విభాగంలో నక్షలు గీసే చీనా సహోద్యోగిని ఒక్కతే.

"నువ్వు బంగళా ముందు నిలబడితే గుడికొచ్చినవాడిలా ఉంటావు లా," అనేదామె, ఇక్కడివాళ్ళ అలవాటు ప్రకారం మాట చివర ఒక "లా" తగిలించి. "కొబ్బరికాయ ఒక్కటే తక్కువ."

తరవాతి కాలంలో ఆ బంగళాల వెనక తామన్‌లు వెలిశాయి. అంటే గోడకు గోడ ఆనుకున్న వరుస ఇళ్ళ కాలనీలు. ఒక తామన్ వెనక ఇంకొకటి, దాని వెనక మరొకటి, కొండల మొదళ్ళదాకా. అటువంటి ఒక దానిలోనే నేనూ అప్పు చేసి ఇల్లు కొన్నాను. పొద్దుటిపూట ఈ తామన్‌లన్నీ తమ కార్లను ఒకే ఒక్క పాత రోడ్డు మీదికి వదిలేవి. ఆ రోడ్డు వేసినవాళ్ళు ఊళ్ళో ఉన్న కొద్దిపాటి కార్లు ఎదురెదురుగా వస్తే తప్పుకోవడానికి చాలునని వేశారు. అందులో మలుపు దగ్గర ఒక బంగళా ముందుభాగం రోడ్డు మీదికి తొంగిచూస్తున్నట్టుండేది. దాన్ని దాటేటప్పుడు ప్రతి కారూ నెమ్మదించేది; ప్రతి మనిషీ ఒక మాట అనేవాడు. నేను లోపల భక్తితో నమస్కరించి, పైకి హారను కొట్టేవాణ్ణి.

రోడ్ల విభాగం పెద్ద ఇంజనీరు ఆ రోడ్డును వెడల్పు చేయాలని ప్రతిపాదించాడు. మంచివాడు, చురుకైనవాడు, ఎప్పుడూ తొందరలో ఉండేవాడు. ఆ బంగళా పోర్టికో కొట్టేస్తే చాలు, ఇల్లు పోదు అన్నాడు. పైగా, "ఆ స్తంభాల లోపలి ఇటుక ఏనాడో పిండయిపోయింది. గట్టిగా తోస్తే పడిపోతాయి," అని సమావేశంలో ప్రకటించాడు. తోసి చూశారా అని ఎవరూ అడగలేదు.

నేను అభ్యంతరం చెప్పాను. ఇంటి ముందుభాగం కట్టినప్పటి మూలరూపంలో నిలిచి ఉన్నట్టయితే దాన్ని వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చవచ్చు. చేరితే రోడ్డే కొంచెం ఒంగాలి. అదీ నిబంధన. పురపాలక సంఘం ఉపాధ్యక్షురాలు ఇద్దరి వాదనా విని, "కమిటీ వచ్చి కళ్ళతో చూస్తుంది," అని తేల్చింది. కమిటీ రావడానికి ముందు ఇంటావిణ్ణి కలిసి సంగతి చెప్పడం నా వంతు.

ఆమె ఒక తెలుగు పెద్దావిడ. భర్త పోయి కొంతకాలమైంది. ఆమె మామగారు తోటలో గుమాస్తాగిరీ చేసి, తరవాత సరుకుల దుకాణం పెట్టి, రెండో యుద్ధం ముగిశాక ఈ బంగళాను ఒక గని యజమాని దగ్గర కొన్నాడట. నేను తెలుగువాణ్ణని తెలియగానే నన్ను కూర్చోబెట్టి, అక్షరం పొల్లుపోకుండా నేను చెప్పిన నిబంధనలన్నీ విని, చివరికి ఒక్క మాట అడిగింది.

"పోర్చి పీకేత్తే, నా ఇంటికొచ్చినోల్లు సెప్పులెక్కడ ఇప్పుతారు బాబూ?"

వెంటనే ఆవిడే వివరించింది. శనివారం సాయంత్రాలు చుట్టుపక్కల తెలుగు ఆడవాళ్ళందరూ ఆ ఇంట్లో కలుస్తారు. పాడతారు, తింటారు, పోట్లాడుకుంటారు. పిల్లలు తెలుగులో అడిగితే తమిళంలో జవాబిస్తారు, అయినా వస్తారు. వచ్చినవాళ్ళందరి చెప్పులూ పోర్టికోలోనే.

"సెప్పులు సూసి ఎవురెవురొచ్చినారో వంటింట్లోంచే సెప్పేత్తాను. గుమ్మం రోడ్డుమీదకొచ్చేత్తే రోడ్డుమీద ఇప్పుతారేటి? లారీ ఎత్తుకుపోద్ది. నాలుగు వారాలు సూసి రావడం మానేత్తారు. మాయమ్మాయి సైబర్‌జయలో ఉన్నాది, వచ్చేయమంటాది. ఆల్ల ఫ్లాట్‌లో సెప్పులకి బీరువా ఉన్నాది. సెప్పులు బీరువాలో ఎట్టుకుంటే మడుసులొచ్చినారో లేదో ఎలగ తెలుస్తాది?"

నా వ్యాసంలో పోర్టికో ప్రయోజనాలు చాలానే రాశాను. ఇది అందులో లేదు. ఆ క్షణం నుంచి నాకు ఆ పోర్టికోను కాపాడటం సిద్ధాంతానికి సంబంధించిన విషయం కాకుండా పోయింది.

అయితే ఒక చిక్కుంది. పోర్టికోకు ముందు, గేటుదాకా, ఆమె భర్త ఒక పెద్ద రేకుల పందిరి వేయించాడు. ఇనుప గొట్టాలు, జింకు రేకులు, రెండు కార్లు హాయిగా పట్టేంత. మన దేశంలో సొంత ఇల్లు కొన్న ప్రతివాడూ మొట్టమొదట చేసే పని ఇదే. తలుపుకు తాళం వేయించడం మరిచిపోతాడు గానీ ముందు రేకులు వేయించడం మరవడు. ఆ పందిరి వెనక అసలు పోర్టికో పరదా వెనక పెళ్ళికూతురిలా దాగి ఉంది. నేను గంభీరంగా చెప్పాను.

"అమ్మా, కమిటీ వచ్చేలోగా ఈ రేకులు తీయించాలి. ఇవి మూలరూపం కాదు."

"నానూ మూలరూపం కాదు బాబూ. మోకాలు మార్చినారు. నన్ను కూడా ఇప్పేత్తావేటి?"

"నిబంధన కట్టడాలకే అమ్మా."

"వానొస్తే?"

"కమిటీ ఉదయం వస్తుంది. ఇక్కడ వాన మధ్యాహ్నం కదా పడేది."

"పుస్తకంలాగ మాట్లాడతావు. సర్లే. సదువుకున్నోడివి, నీకు తెలవదేటి," అని ఒప్పుకుంది. ఆ చివరి మాటలో మెప్పు ఎంత, అనుమానం ఎంత అన్నది నేను అప్పుడు ఆలోచించలేదు.

పనివాళ్ళు వచ్చి రేకులన్నీ ఊడదీసి పెరట్లో పేర్చారు. పోర్టికో బయటపడింది. ఎంత అందంగా ఉందని! పాదం దగ్గర వెడల్పయి పైకి పోయేకొద్దీ సన్నబడే రెండు ముందు స్తంభాలు. వాటి నుంచి వరండాదాకా ఇరువైపులా నడుమెత్తు పిట్టగోడలు. ఆనాటి బక్కపలచని కారు ఒకటి నెమ్మదిగా వచ్చి ఒదిగిపోవడానికి సరిపడేటంత చోటు. మా సహోద్యోగిని కొలతలు తీసుకుని, టేపు చుట్టుకుంటూ, "ఈ ఇల్లు కట్టినవాడు సన్నగా ఉండేవాడు," అని వ్యాఖ్యానించింది.

తనిఖీ రోజు వచ్చింది. నేను ఇస్త్రీ చొక్కాతో పొద్దున్నే వెళ్ళి వరండాలో నిలబడ్డాను. కమిటీ రాలేదు. పెద్ద ఇంజనీరు దారిలో ఇంకొక రోడ్డు చూపించాలన్నాడట. ఆ రోడ్డు పక్కన మంచి నాసి లెమక్ దొరుకుతుందట. కొబ్బరిపాల అన్నం తిన్నాక ఎవరికీ తొందర ఉండదు. మధ్యాహ్నం దాటింది. కొండల మీద మబ్బు కూర్చుంది. మా సహోద్యోగిని ఆకాశం వైపు, తరవాత నా వైపు చూసి, సంచిలోంచి గొడుగు తీసింది. అదే ఎక్కువ బాధించింది.

మొదటి చినుకుతోపాటే కమిటీ కూడా వచ్చింది. గేటు దాటేసరికి కుండపోత. పెద్ద ఇంజనీరు కొత్తగా కొన్న తన బండిలోనే అందరినీ తెచ్చాడు. అడవుల్లో, బురదలో తిరగడానికి చేసిన నాలుగు చక్రాల ఏనుగు అది. ముందు సీట్లో పట్టుబట్టలతో ఉపాధ్యక్షురాలు, వెనక ఇద్దరు సభ్యులు. రేకుల పందిరి కోసం అతను అటూ ఇటూ చూశాడు. లేదు. ఎదురుగా పోర్టికో కనిపించింది.

"ఆగు! ఆగు! దూరదు!" అని ఇంటావిడ తెలుగులో కేకలు వేసింది. వానలో ఏ భాషా వినపడదు. అతను బండి పక్క అద్దాల మీట నొక్కాడు. రెండు అద్దాలూ చెవులు ముడుచుకున్నట్టు లోపలికి ముడుచుకున్నాయి. బండి ముందుకు వచ్చింది. స్తంభాల నడుమ, పిట్టగోడల నడుమ, కొలిచి పోతపోసినట్టు వచ్చి కూర్చుంది. అతని ముఖంలో నేర్పరి చిరునవ్వు. తలుపు తెరిచాడు. అది చెయ్యి పట్టేంత తెరుచుకుని పిట్టగోడకు తగిలి ఆగిపోయింది. అవతలి తలుపూ అంతే. వెనక తలుపులూ అంతే.

"వెనక్కి తీయండి, ఎన్చిక్," అంది ఉపాధ్యక్షురాలు, అయ్యా అన్నంత మర్యాదగా, శాంతంగా.

అతను స్టీరింగు కాస్త తిప్పి వెనక్కి తీశాడు. కర్రుమని ఒక చప్పుడు. బండి పక్కన కాలు పెట్టి ఎక్కే మెట్టు వెళ్ళి స్తంభం పాదాన్ని పట్టుకుంది. మళ్ళీ తీశాడు. మళ్ళీ కర్రు. బండి ఊగింది, మెట్టు ఒంగింది, స్తంభం మాత్రం తనకేమీ పట్టనట్టు నిలబడి ఉంది. అప్పుడు ఉపాధ్యక్షురాలు అద్దం దించి, నన్నూ స్తంభాన్నీ మార్చి మార్చి చూసి, ఇంజనీరు వైపు తిరిగింది.

"గట్టిగా తోస్తే పడిపోతాయన్నారు కదా? ఇంకాస్త గట్టిగా తోయండి. మేము దిగాలి."

వెనక సీట్లోని సభ్యులు ఒకేసారి దగ్గు తెచ్చుకున్నారు. నా పక్కనున్న సహోద్యోగిని మాత్రం దగ్గుదాకా ఆగలేదు.

వెనక డిక్కీ గుండా పాక్కుంటూ వానలోకి దిగే మార్గం ఒకటి ఉంది గానీ, పట్టుబట్టల్లో ఉన్న ఉపాధ్యక్షురాలికి దాన్ని సూచించే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కనుక స్థల తనిఖీ బండిలోనే ప్రారంభమైంది. ఇంటావిడ ఆ పూట కోసం తెల్లారి నుంచీ వండుతూనే ఉంది. "ఆకలితో ఉంటారు పాపం," అంటూ వడల పళ్ళెం నా చేతికిచ్చింది. నేను బూట్లు విప్పి, పిట్టగోడ ఎక్కి, పక్కవాటుగా అడుగులు వేస్తూ కిటికీల గుండా వడలు, టీ అందించాను. విశ్వవిద్యాలయంలో ఈ విద్య ఎవరూ నేర్పలేదు. తోటలో కాలువ గట్ల మీద నడిచిన అనుభవమే ఆదుకుంది.

"మాంసం లేదమ్మా, పప్పే. దిగులు పడకుండా తినండి," అని ఇంటావిడ, వాళ్ళ హలాల్ పట్టింపు తెలుసు కనుక, వరండాలోంచి మలాయ్‌లో హామీ ఇచ్చింది.

ఉపాధ్యక్షురాలు రెండో వడ తీసుకుంటూ, "మాచిక్, మీకు ఈ పోర్టికో ఎందుకు అంత ముఖ్యం?" అని అడిగింది. పెద్దావిణ్ణి పిన్నీ అని పిలిచినట్టు పిలిచింది. నేను మూలరూపం గురించి చెప్పబోయాను. ఇంటావిడ చేత్తోనే నన్ను ఆపి, చెప్పుల సంగతి చెప్పింది. మలాయ్‌లో చెప్పినా తీరు మనదే.

"మీ ఇంట్లో సెప్పులు ఎక్కడ ఇప్పుతారు?" అని చివర ఎదురు ప్రశ్న వేసింది.

"మా ఇంటి ముందే, మాచిక్. పండగకి మెట్లన్నీ చెప్పులే. మా అమ్మ కూడా చెప్పులు చూసే ఎంత అన్నం వండాలో లెక్కేసేది."

"అదే మరి!"

వెనక సీటు సభ్యుడొకరు తమ ఇంట్లో కూడా అంతేనన్నారు. ఇంజనీరు నోట్లోని వడ మింగాడు. తరవాత, నిజం చెప్పవద్దా, "మా అత్తగారూ అంతే," అని ఒప్పుకున్నాడు.

వాన కాస్త సన్నగిల్లాక బండిని బయటికి తీయడం ఎలాగన్న చర్చ మొదలైంది. ఇంజనీరు స్తంభం పాదాన్ని ఒక మూల కొంచెం చెక్కితే చాలన్నాడు. "మూలరూపం!" అని నేను అరిచాను. సర్వీసులో నేను పై అధికారి మీద అరిచింది అదొక్కసారే. ఇంటావిడ వంటింట్లోంచి నూనె డబ్బాతో వచ్చింది.

"ఉంగరం ఏలికి పట్టేత్తే ఏలు కోసుకుంటామేటి? నూని రాయి."

రాసినవాణ్ణి నేనే. వారసత్వ కట్టడాన్ని నిబంధనల ప్రకారం నీళ్ళతో తుడవడానికి కూడా అనుమతి కావాలి. నేను చినుకుల్లో మోకాళ్ళ మీద కూర్చుని దాని పాదాలకు దోసిళ్ళతో వంటనూనె పూశాను. మా సహోద్యోగిని గొడుగు నా మీద కాకుండా స్తంభం మీద పట్టి, "గుడి అన్నానా లేదా?" అంది. "ఇప్పుడు అభిషేకం కూడా అయింది లా."

బండి జారి బయటపడింది. మెట్టు వంకర తిరిగింది. స్తంభం మీద ఒక నూనె మరక మిగిలింది.

కమిటీ నిర్ణయం వచ్చింది: ఆ స్తంభాల పటుత్వం విషయంలో కమిటీకి ఇక సందేహం లేదు, ఇల్లు జాబితాలో చేరింది, రోడ్డు అవతలి వైపుకు కొంచెం ఒంగింది. వెడల్పు మాత్రం అనుకున్నంత కాలేదు. తామన్‌ల కార్లన్నీ ఈనాటికీ ఆ మలుపు దగ్గర పేరుకుంటాయి. "అదిగో, మీ బంగళా," అని మా ఆవిడ ప్రతి ఉదయం గుర్తు చేస్తుంది. ఫలితం వచ్చిన చోటే మూల్యం కూడా చెల్లించే భాగ్యం ప్రణాళికాధికారుల్లో అందరికీ దక్కదు.

కథ అక్కడ ముగియలేదు. వారం తిరక్కుండానే ఇంటావిడ ఫోను చేసింది.

"బాబూ, రేకులు మల్లీ ఏయించుకోవాల."

"అమ్మా, ఇప్పుడది జాబితాలో ఉన్న ఇల్లు. మూలరూపానికి ఏదీ తగిలించకూడదు."

"తగిలించకుండా ఏయించు. నువ్వే కదా ఇప్పించినావు?"

ఇది న్యాయమైన మాట. నిబంధనలను మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ చదివాను. ఇంటిని ఏ విధంగానూ తాకకుండా, విడిగా, తన కాళ్ళ మీద తాను నిలబడే పందిరికి అభ్యంతరం లేదు. అనుమతిస్తూ సంతకం చేశాను. పాత రేకులే మళ్ళీ లేచాయి, పోర్టికోకు జానెడు ఎడంగా. నిబంధన పాటించబడింది, అమ్మగారి కోరికా తీరింది. ఇంత చక్కటి పరిష్కారాన్ని మీరు ఏ పాఠ్యపుస్తకంలోనూ చూడరని మురిసిపోయాను. ఆ జానెడు సందులోంచి వాన ఎక్కడ పడుతుందన్నది మాత్రం ఆలోచించలేదు.

పదవీ విరమణ తరవాత నేనూ, మా ఆవిడా కూడా శనివారాలు ఆ ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టాం. నేను పాడను, చెప్పుల వరుస చూస్తూ వరండాలో కూర్చుంటాను. మొన్నొక శనివారం ఎవరో కొత్త కోడలు మొదటిసారి వచ్చి, చెప్పులు విప్పి, పోర్టికో అంచున పొందిగ్గా పెట్టింది. రేకుల సందు పక్కన జానెడు మేర ఎవరూ చెప్పులు ఎందుకు పెట్టరో ఆమెకు తెలియదు. కొండల మీద అప్పటికే ఉరుము వినిపిస్తోంది. వంటింట్లోంచి ఇంటావిడ గొంతు వచ్చింది.

"అమ్మాయ్, సెప్పులు లోపలికి జరుపుకో. అక్కడ ఆఫీసరు వాన పడతాది."

నేను లేచి నా చెప్పులు కూడా జరుపుకున్నాను.